బెన్నీని చూసి నవ్వాలా, వద్దా?

విమానాల విడిభాగాలు తయారు చేసే ఫ్యాక్టరీలో జార్జ్ అనే ఒక మామూలు కార్మికుడికి మేనేజర్‌గా ప్రమోషన్ వస్తుంది. ఆ సంతోషం తీరకముందే పైవాళ్లు అతని నెత్తిన ఒక పని పెడతారు. ఇద్దరిలో ఎవరో ఒకరిని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి. ఆ ఇద్దరిలో ఒకరు ప్రాణ స్నేహితుడు ఎర్నీ, ఇంకొకరు కన్నతల్లి బెన్నీ. 2002 మార్చిలో అమెరికాలోని ఏబీసీ ఛానల్‌లో మొదలైన ‘జార్జ్ లోపెజ్’ కామెడీ సీరియల్ తొలి ఎపిసోడ్ ఇది. అమ్మ ఉద్యోగం పోతుందేమోనని చూసేవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. కాసేపటికి ఆ అమ్మ నోటి దురుసు వింటే, అతను ఇంత ఆలోచించడం ఎందుకా అనిపిస్తుంది.

జార్జ్ లోపెజ్ మెక్సికన్ మూలాలున్న అమెరికన్ స్టాండప్ కమెడియన్. పసితనంలోనే తండ్రి వదిలేశాడు, పదేళ్లప్పుడు తల్లీ వెళ్లిపోయింది. లాస్ ఏంజెలెస్‌లోని శాన్ ఫెర్నాండో వ్యాలీలో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. ముద్దు మురిపెం ఎరగని ఆ పెంపకమే స్టేజీ మీద అతని హాస్యానికి ముడిసరుకు. అతని ప్రదర్శన చూసిన నటి సాండ్రా బుల్లక్ నిర్మాతగా ముందుకొచ్చి దాన్ని టీవీకి తెచ్చింది. జార్జ్ పాత్రలో లోపెజే నటించాడు. నిజ జీవితంలోని అమ్మమ్మ తెర మీద తల్లి అయింది. ఆ పాత్రలో బెలీటా మొరేనో నటించింది.

ప్రేక్షకులు విడిపోయేది ఈ పాత్ర దగ్గరే. బెన్నీ తాగుతుంది, కొడుకును ఎద్దేవా చేస్తుంది. బతికున్న తండ్రిని చచ్చిపోయాడని చెప్పి పెంచింది. ఇందులో నవ్వడానికి ఏముందని కొందరు అడుగుతారు. చిన్నపిల్లాడికి జరిగిన అన్యాయం మీద నవ్వుల శబ్దం వేసి కప్పేస్తున్నారంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఆ నవ్వుల శబ్దం తీసేసి కొన్ని సన్నివేశాలు ఊహించుకుంటే మనసు కలుక్కుమంటుంది.

అయినా నేను రెండో పక్షాన ఉంటాను. మా ఇంట్లోనూ ఇంతే అని బెన్నీని గుర్తుపట్టిన వాళ్ల పక్షాన. ఈ సీరియల్ బెన్నీని మంచిదాన్ని చేసి చూపించలేదు, ఆమె చేసిన దాన్ని చిన్నదిగా చూపించనూ లేదు. నవ్వు పుట్టేదల్లా జార్జ్ తంటాల్లోంచి. తండ్రి ఎలా ఉంటాడో ఎప్పుడూ చూడని మనిషి ఇద్దరు పిల్లలకు తండ్రిగా ఉండాలి. కొడుకు మ్యాక్స్‌కు డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో ఇబ్బంది, ఉందని తెలిసినప్పుడు, కూతురు కార్మెన్ ఎదురు తిరిగినప్పుడు ఏం చెయ్యాలో అతనికి నేర్పినవాళ్లు లేరు. తప్పులు చేస్తాడు, కానీ తను పెరిగినట్టు పిల్లల్ని పెంచడు. ప్రేమ లేని ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది ఎంత పెద్ద ధైర్యమో వాళ్లనే అడగాలి.

ఇంకో రకం అభిప్రాయం ఉంది: ఇది లాటినోల జీవితమేనా? లాటినోలంటే లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో 6.2 కోట్ల మంది, అంటే జనాభాలో 18.7 శాతం. వాళ్లంతా ఒకటి కాదని ఈ సీరియలే చూపిస్తుంది. జార్జ్ మెక్సికన్ కార్మికుల బిడ్డ, అతని మామగారు విక్ క్యూబా నుంచి వచ్చిన డాక్టర్. ఇద్దరి మధ్య జోకుల్లో సగం ఆ తేడా మీదే. మరి ఇన్ని కోట్ల మందిలో ప్రతి ఒక్కరికీ తమ ఇల్లే కనిపించాలంటే ఒక్క సీరియల్ ఎలా మోస్తుంది?

ఈ బరువు పాతదే. 1974లో ఎన్‌బీసీ అనే మరో అమెరికన్ ఛానల్‌లో ‘చికో అండ్ ద మ్యాన్’ వచ్చినప్పుడు, మెక్సికన్ అమెరికన్ యువకుడి పాత్రను ప్యూర్టోరికో మూలాలున్న ఫ్రెడ్డీ ప్రింజ్‌కు ఇచ్చారని మెక్సికన్ అమెరికన్లు నిరసన తెలిపారు. ప్రింజ్ 1977లో 22 ఏళ్లకే చనిపోయాడు. అతన్ని ఆరాధిస్తూ పెరిగినవాడే లోపెజ్. 2014లో కమెడియన్ క్రిస్టెలా అలొంజో తన జీవితం ఆధారంగా ‘క్రిస్టెలా’ తీసింది. సొంతంగా సృష్టించి, నిర్మించి, నటించిన నెట్‌వర్క్ (ఏబీసీ, ఎన్‌బీసీ లాంటి పెద్ద ఛానళ్ల) సీరియల్ ఒక లాటినో మహిళకు అదే మొదటిది. 22 ఎపిసోడ్లతో ఆపేశారు. తెల్లవారి కుటుంబాల సీరియల్ ఒకటి బాగాలేకపోతే అది ఒక్కటే పోతుంది. ఇక్కడ ఒకటి పోతే ఇల్లంతా ఖాళీ. అందుకే ఆ ప్రేక్షకులు అంత పట్టుగా మాట్లాడతారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, కానీ దాన్ని చూపించాల్సింది సీరియళ్లు ఎంచుకునే ఛానళ్ల మీద.

ఏబీసీ 2007లో ‘జార్జ్ లోపెజ్’ను 120 ఎపిసోడ్ల దగ్గర ఆపేసింది. టీవీ మళ్లీ తెల్లవాళ్లతో నిండిపోయిందని లోపెజ్ బాధపడ్డాడు. ఛానల్ లెక్క రేటింగులది. కానీ అదే ఏడాది నిక్ ఎట్ నైట్ అనే కేబుల్ ఛానల్‌లో రాత్రిపూట పునఃప్రసారాలు మొదలయ్యాయి. పడుకోమన్నా పడుకోకుండా చూసిన పిల్లలు ఒక కొత్త తరం అభిమానులయ్యారు. మొదటి ప్రసారం నాటి రేటింగుల్లో వీళ్లెవరూ లేరు.

2022 నవంబర్‌లో ఎన్‌బీసీలో ‘లోపెజ్ వర్సెస్ లోపెజ్’ మొదలైంది. ఇందులో లోపెజ్‌తో పాటు అతని సొంత కూతురు మయాన్ నటించింది. నిజ జీవితంలో 2005లో భర్తకు కిడ్నీ ఇచ్చిన భార్య ఆన్‌తో 2011లో విడాకులయ్యాయి, కూతురికీ తండ్రికీ దూరం పెరిగింది. ఆ గాయమే ఈ కథ. పాత అభిమానుల్లో కొందరికి ఇది నచ్చలేదు. జోకుల పదును తగ్గిందని, కౌన్సెలింగ్ మాటలు ఎక్కువయ్యాయని అంటారు. పదును తగ్గిన మాట నిజమే. కానీ పాత సీరియల్‌లో తప్పు ఎప్పుడూ బెన్నీది, వెళ్లిపోయిన తండ్రిది. జార్జ్ బాధితుడు, కాబట్టి నవ్వడం తేలిక. ఇక్కడ జార్జే ఇంటికి సరిగా లేని తండ్రి. తను లేని ఏళ్లకు కూతురు లెక్క అడుగుతుంటే, అరవై దాటిన కమెడియన్ తన సొంత పేరుతో నిలబడి సమాధానం చెప్పుకుంటున్నాడు. మూడు సీజన్ల తర్వాత 2025లో దీన్నీ ఆపేశారు. ఇదీ ఎక్కడో పునఃప్రసారాల్లో తిరుగుతూ, తండ్రితో మాటల్లేని ఏ కూతురి కంటో పడాలని కోరుకుంటున్నాను.