సీటు రానివాళ్ళ కాలేజీ కాదండీ

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ చదువులుండే ప్రభుత్వ కాలేజీ) అంటే ఎక్కడా సీటు రానివాళ్ళు చేరేదని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట మనసుకు కష్టమనిపించింది. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీనే చూడండి. 1935లో మొదలైనప్పుడు సొంత భవనమే లేదు. ఊరంతా చెదిరిన తరగతులకు పిల్లలు ట్రాముల్లో తిరిగేవారు, అందుకే 'ట్రాలీ కార్ కాలేజీ' అన్నారు. నర్సింగ్, వంట, విమానాల మరమ్మతు కూడా నేర్పుతారక్కడ. 2017లో నగరవాసులకు ట్యూషన్ ఫీజు తీసేశారు. పెద్దవాళ్ళ ఇంగ్లీషు తరగతులైతే అంతకుముందు నుంచే ఉచితం. మా అమ్మ అరవై రెండేళ్ళప్పుడు ఆ కాలేజీ మిషన్ క్యాంపస్‌లో ఇంగ్లీషు తరగతికి చేరింది. పక్కన గ్వాటెమాలా ఆవిడ, ఇద్దరూ టిఫిన్ డబ్బాలు మార్చుకునేవారు. రెండో నెలలో మందుల షాపులో నన్ను చేత్తో ఆపి, తన బీపీ మాత్రల గురించి తనే ఇంగ్లీషులో అడిగింది. ఆ రోజు నాకు కళ్ళు చెమర్చాయి.