జీడిపండు రసంతో ప్లాస్టిక్: లెక్క ఎక్కడ తేలాలి?

బ్యాక్టీరియాతో ప్లాస్టిక్ చేయొచ్చన్న సంగతి పాతదే. ఫ్రెంచి శాస్త్రవేత్త మోరిస్ లెమోయిన్ 1926లోనే ఒక సూక్ష్మజీవి కణాల్లో పీహెచ్‌బీ అనే పదార్థాన్ని గుర్తించాడు. చక్కెర దండిగా ఉండి నత్రజనో భాస్వరమో కరువైతే, కొన్ని జాతులు పెరుగుదల ఆపి, రైతు గాదెలో ధాన్యం పోసుకున్నట్టు దీన్ని రేణువులుగా దాచుకుంటాయి. ఎండు బరువులో 80 శాతం దాకా దాచుకునేవి కూడా ఉన్నాయి. ఆ రేణువులను వేరుచేసి కరిగించి పోత పోస్తే ప్లాస్టిక్. మట్టిలోనో సముద్రంలోనో పడితే వేరే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి.

ఇంత మంచిది సంతలో ఎందుకు దొరకదంటే, ధర. మామూలు పాలిథిన్‌కి కొన్ని రెట్లు ఉంటుంది. కిలో ప్లాస్టిక్‌కి సుమారు మూడు కిలోల చక్కెర కావాలి. ఉత్పత్తి ఖర్చులో పెద్ద వాటా అక్కడే పోతుంది.

చవకైన మొక్కల చక్కెర దొరికితే సమస్య తీరుతుందంటారు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో చుట్టూ చూస్తే అలాంటిది కొల్లలుగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ అస్కా చక్కెర మిల్లులాంటి చోట చెరకు పిప్పి బాయిలర్‌కే కావాలి, చక్కెర తీశాక మిగిలే మడ్డి పాకం మొలాసిస్‌కి ఆల్కహాల్ గిరాకీ ఉంది. కాగితం మిల్లులో కర్ర నుంచి విడివడినదంతా నల్ల ద్రావకంలో కలిసి అక్కడే ఇంధనమవుతుంది. ఇప్పపువ్వు సంగతి చెప్పనక్కర్లేదు, అది కొండజనానికి తిండి, సారా, చేతిఖర్చు. వీటిలో దేన్ని తీసుకున్నా ఇంకొకరి నోటి దగ్గరిది లాక్కున్నట్టే.

పెద్దగా ఎవరూ అడగనిది ఒకటుంది. జీడిమామిడి పండు. పిక్క పలాస వ్యాపారుల దాకా పోతుంది. పండు కొంత పశువులు తింటాయి, కొంత సారాకి పోతుంది, మిగిలింది చెట్టు కిందే కుళ్ళిపోతుంది. గోవాలో ఇదే పండుతో తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన తోటల్లో దీనికి బేరమే లేదు.

పండు పిక్కకు కనీసం ఆరు రెట్లు తూగుతుంది. టన్ను పిక్కలకు ఆరు టన్నుల పండు, అందులో మూడున్నర టన్నుల రసం, పదో వంతు చక్కెర అనుకుంటే 350 కిలోలు. అంటే 110, 120 కిలోల ప్లాస్టిక్. ఇది కాగితం మీది లెక్కే, అయినా తీసిపారేసేది కాదు. వగరు పోవాలంటే సగ్గుబియ్యం జావ కలిపి తేర్చాలి, అదేమంత కష్టం కాదు.

ఇంకో పెద్ద ఖర్చు బ్యాక్టీరియాను పెంచే ట్యాంకు దగ్గర మొదలవుతుంది. మామూలు పద్ధతిలో అన్నీ ఆవిరితో శుద్ధి చేయాలి, లేకపోతే వేరే సూక్ష్మజీవులు చేరి చక్కెరను అవే తినేస్తాయి. చైనాలో హాలోమోనాస్ అనే ఉప్పునీటి బ్యాక్టీరియాతో ఈ బాధ తప్పించుకునే దారి పట్టారు. బాగా ఉప్పుగా ఉన్న క్షార నీటిలో మిగతావి బతకలేవు కాబట్టి అంత శుద్ధి అక్కర్లేదు. హుమ్మా ఉప్పు మడులు గంజాంలోనే ఉన్నాయి, నౌపడ మడులు సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం జిల్లాలోనే. ఒకే ప్రాంతంలో ఉప్పూ, అడిగేవాడు లేని చక్కెరా ఉండటం చిన్న అవకాశం కాదని నా అభిప్రాయం. ఉప్పునీరు ఇనుప సామాన్లను తినేస్తుంది, వాడాక ఆ నీటిని పొలాల్లోకి వదలకూడదు. ఈ రెండు ఖర్చులూ ముందే వేసుకోవాలి.

వచ్చిన సరుకుతో చేతిసంచులు చేయాలని చూస్తే పాలిథిన్ ముందు నిలవలేం. నర్సరీలో మొక్కలు పెంచే నల్ల కవర్లు చేయాలి. నాటేటప్పుడు చింపిన కవరు గట్టు మీదే పడి ఉంటుంది, దాన్ని ఏరేవాడుండడు. మట్టిలో కలిసే కవరుకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడానికి కారణముంది. పీహెచ్‌బీ పెళుసుగా ఉంటుంది కాబట్టి వేరే పదార్థాలు కలపాలి, అంటుమొక్క నర్సరీలో ఉన్నన్నాళ్ళూ చివికిపోకుండా మందం చూసుకోవాలి. మొదటి కొనుగోలుదారు అటవీ శాఖే కావాలి. ప్రైవేటు నర్సరీలు ఆ ధరకు ఇప్పుడే రావు.

పండు ఒకట్రెండు రోజుల్లోనే పులిసిపోతుంది. కాబట్టి రసం తీసే యంత్రం తోటల మధ్యే, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఉండాలి. కాపు ఉండేది వేసవిలో రెండు మూడు నెలలే. రసాన్ని పాకంగా కాచి నిలవ చేయకపోతే మిగతా ఏడాదంతా ట్యాంకులు ఖాళీగా ఉంటాయి. ఇక ఏరేవాళ్ళు. ఇప్పుడు పిక్క ఒలుచుకుని పండును అక్కడే వదిలేస్తున్న సవర ఆడవాళ్ళు, ఆరు రెట్ల బరువును బుట్టల్లో మోసుకుని కొండ దిగాలి. కిలో పండుకు ఎంత ఇస్తారన్నది ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలోనే ఉండాలి. ఆ కూలి కలిపాక కూడా లెక్క తేలితేనే ట్యాంకుకు టెండరు పిలవాలి.