మనవాడికి జరిగిన ఘోర అన్యాయం

1998లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ని ప్రారంభించిన నాటి నుంచి హైదరాబాదు లక్షలాది ఇంజనీర్లను చూసింది. కోడు రాసేవాళ్ళను చూసింది, రాసిన కోడు తిరగబడితే రాత్రంతా మేలుకుని బాగుచేసేవాళ్ళనూ చూసింది. కానీ ఈ రెండు పనుల జోలికీ పోకుండా ఆరేళ్ళలో ట్రెయినీ నుంచి డెలివరీ మేనేజరు దాకా ఎక్కిన మహానుభావుల సేవలను మాత్రం ఈ జాతి ఇంతవరకు సరిగ్గా గుర్తించలేదు. అలాంటి ఒకణ్ణి మాదాపూర్‌లోని ఓ కంపెనీ పదిహేను నిమిషాల మీటింగు పెట్టి ఇంటికి పంపేసింది. ఈ చర్యను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

అతని పేరు చెప్పను. పరువు సంగతి కాదు. చెప్తే నాలుగు కంపెనీల వాళ్ళు "వీడు మావాడే" అంటూ తగువుకొస్తారు. కాబట్టి మనవాడు అందాం.

మనవాడిది తణుకు దగ్గర ఓ పల్లెటూరు. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం, ఏడాదికి మూడున్నర లక్షలు, చేరగానే నాలుగు నెలలు బెంచి. బెంచి అంటే, ప్రాజెక్టు ఉండదు, జీతం ఉంటుంది, ఎవరైనా పిలుస్తారేమోనని కూర్చోవడమే డ్యూటీ. మామూలు కుర్రాళ్ళయితే ఆ ఖాళీలో అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో ఏదో ఒక కోర్సులో చేరిపోతారు. మనవాడు కంపెనీలో ఎవరి కింద ఎవరున్నారో ఆ చార్టు మొత్తం కంఠతా పట్టాడు. ఎవరికి ఎవరంటే పడదో, వైస్ ప్రెసిడెంటు గారు ఏ అంతస్తులో ఎన్నింటికి కాఫీ మిషను దగ్గరకొస్తారో, ఆయనకి క్రికెట్టు ఇష్టమో బ్యాడ్మింటనో, అన్నీ ఆరా తీశాడు. నాలుగో నెల చివరికి మనవాడికి జావా రాలేదు గానీ బ్యాడ్మింటన్ బాగా వచ్చింది. ప్రాజెక్టు కూడా వచ్చింది.

అది ఒక అమెరికా బీమా కంపెనీ పని. ఆ టీమ్‌లో పదకొండేళ్ళుగా పాతుకుపోయిన ఒకావిడ ఉండేది. అందరూ అక్కా అనేవాళ్ళు. ఆ సాఫ్ట్‌వేరులో ఏ తీగ లాగితే ఏ డొంక కదులుతుందో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు, రాయించుకున్న క్లయింటుకు కూడా. ఒక రాత్రి క్లెయిములు చెల్లించే ప్రోగ్రాం ఆగిపోయింది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పిల్లాణ్ణి పడుకోబెట్టి అక్క లాపుటాపు తెరిచింది. తేదీ ఉండాల్సిన చోట ఎవడో ఖాళీ వదిలేశాడని కనిపెట్టి, సరిచేసి, మళ్ళీ నడిపించి, మూసేసరికి రెండు నలభై. పొద్దున్న ఆరు యాభై అయిదుకి మనవాడి మెయిలు వెళ్ళింది.

"డియర్ ఆల్, నిన్న రాత్రి తలెత్తిన క్రిటికల్ ఇష్యూని టీమ్ యుద్ధప్రాతిపదికన పరిష్కరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రూట్ కాజ్ అనాలిసిస్ త్వరలో పంపగలను."

ఆ సీసీ లైను ఒక్కటి చూస్తే చాలు మనవాడి ప్రతిభ తెలుస్తుంది. తన మేనేజరు, ఆ మేనేజరుకి మేనేజరు, వైస్ ప్రెసిడెంటు, ఎందుకైనా మంచిదని హెచ్‌ఆర్. అక్క పేరు మూడో పేరాలో "సహకరించినవారు" కింద ఉంది, ఒక అక్షరం తప్పుతో. గంటలోగా వైస్ ప్రెసిడెంటు గారు "గ్రేట్ జాబ్!" అని మనవాడికి జవాబు కొట్టారు. అక్క అప్పుడు పిల్లాణ్ణి స్కూలు బస్సు ఎక్కిస్తోంది.

గిట్టనివాళ్ళు దీన్ని మోసం అంటారు. నేను ఒప్పుకోను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని పెద్దలు అన్నారు. వండినవాళ్ళ గురించి ఆ పెద్దలు కూడా ఒక్క ముక్క అనలేదు, గమనించారా?

ఇక అప్రైజల్ సంగతి, అంటే ఏటా ఉద్యోగుల పనికి మార్కులేసే తంతు. జాక్ వెల్చ్ అనే ఆయన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగుల్ని పై 20 శాతం, మధ్య 70, అడుగు 10 అని విడదీసి, అడుగునున్నవాళ్ళను సాగనంపే పద్ధతి నడిపాడు. అందరూ బాగా చేశారంటే కుదరదు, పదిమందిలో ఒకడు పనికిమాలినవాడు కావలసిందే. మన సత్య నాదెళ్ళ గారు సీఈఓ కుర్చీ ఎక్కడానికి కొద్ది నెలల ముందే, 2013 నవంబరులో, మైక్రోసాఫ్ట్ ఈ రకం లెక్క వద్దని వదిలేసింది. మన దగ్గర అది రకరకాల పేర్లతో దివ్యంగా బతికే ఉంది. మేనేజర్లందరూ ఒక గదిలో తలుపులేసుకుని, ఎవరి మనిషిని పైకి తోయాలో, ఎవర్ని కిందికి లాగాలో బేరాలాడుకుంటారు. ఆ గదిలో ఏదో ఒక వీరగాథ చెప్పాలి. ఆగిపోయిన సర్వరు గురించి గాథ అల్లవచ్చు, ఏడాది పొడుగునా ఆగకుండా నడిచిన సర్వరు గురించి ఏం అల్లుతారు? మనవాడి గురించి చెప్పుకోవడానికి మెయిళ్ళున్నాయి. అక్క గురించి చెప్పడానికి ఏమీ జరగలేదు, ఏమీ జరగకుండా చూసుకోవడమే ఆవిడ పని గనక. ఫలితంగా మనవాడికి ప్రమోషన్ వచ్చింది, అక్కకి నాలుగు శాతం జీతం పెంపూ "విజిబిలిటీ పెంచుకోవాలి" అనే సలహా వచ్చాయి.

టౌన్‌హాల్ అని అందర్నీ ఒకచోట కూర్చోబెట్టే మీటింగులో మనవాడికి గాజు ట్రోఫీ ఇచ్చారు. దానిమీద మనవాడి ఇంటిపేరు తప్పు పడింది. ఈ విషయంలో కంపెనీ ఎవరిపట్లా పక్షపాతం చూపదు. తణుకులో వాళ్ళమ్మ దాన్ని వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టి శనివారం శనివారం హారతి ఇస్తోంది.

జీతం ఇరవై ఎనిమిది లక్షలకు చేరేసరికి సంబంధాలు క్యూ కట్టాయి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది కాబట్టి ఎవరూ నోరు జారి కట్నం అనలేదు. "అమ్మాయి పేర రెండెకరాల కొబ్బరితోట ఉందండీ, ఎలాగూ వాళ్ళిద్దరిదేగా" అన్నారు. ప్రమోషన్ వచ్చిన వారంలో అది మూడెకరాలయింది. భూమి అంత తొందరగా పెరగడం కోనసీమ చరిత్రలోనే అరుదు.

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువతకు చెప్పినప్పుడు దేశమంతా గోల చేసింది. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ కంపెనీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలు అన్నారని తెలిసి, ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్యను చూస్తారన్న ఆయన ప్రశ్న విని, మరింత గోల చేసింది. గోల చేయనివాడు మనవాడొక్కడే. రోజుకి పదకొండు మీటింగులు అతనివి. ఏ మీటింగులోనూ ముందు మాట్లాడడు. అందరూ అయ్యాక "జస్ట్ టు యాడ్" అని మొదలుపెట్టి, అంతకు ముందువాడు చెప్పిందే కాస్త గంభీరంగా చెప్తాడు. పనిగంటలు పెంచాలంటే పని ఉండి తీరాలన్నది మూఢనమ్మకమని రుజువు చేసినందుకైనా ఇతనికి ఏదో ఒక పద్మ ఇవ్వాల్సింది.

అంతలో ఏఐ వచ్చింది. ప్రతి కంపెనీకీ ఒక ఏఐ నిపుణుడు అవసరమయ్యాడు, మనవాడు చేయెత్తాడు. టీమ్‌లో ఎవరెంత పనిచేస్తున్నారో క్షణక్షణం చూపించే డ్యాష్‌బోర్డు ఒకటి తయారుచేస్తానన్నాడు. ఇద్దరు ఫ్రెషర్లు మూడు నెలలు నిద్ర మానుకుని దాన్ని కట్టారు. మనవాడు రంగులు ఎంపిక చేశాడు. మౌసు కదలికలు, కీబోర్డు నొక్కుళ్ళు, మెయిళ్ళు, మీటింగు గంటలు, అన్నీ లెక్కకట్టి ఒక్కొక్కరి పేరు పక్కన పచ్చనో పసుపో ఎరుపో చూపిస్తుంది. వైస్ ప్రెసిడెంటు గారు ఆ రంగులు చూసి కరిగిపోయారు.

టీమ్ కూడా ఆ డ్యాష్‌బోర్డుని అర్థం చేసుకుంది, బహుశా మనవాడికన్నా బాగా. ఇంటి నుంచి పనిచేసే ఒక కుర్రాడు టేబుల్ ఫ్యాను మెడకి దారం కట్టి, ఆ దారానికి మౌసుని కట్టాడు. ఫ్యాను అటూ ఇటూ తల తిప్పినప్పుడల్లా మౌసు ప్యాడు మీద జరిగేది. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పచ్చ రంగే, కరెంటు పోయినప్పుడు తప్ప. ఆ నెల స్టార్ పెర్ఫార్మర్ ఆ ఫ్యానే. ఇదేదో మన తెలివని మురిసిపోకండి, 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు నొక్కుతున్నట్టు నటించారని పన్నెండు మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. మనవాళ్ళకు ఫ్యానుతో పోయింది.

అక్క పేరు పక్కన మాత్రం ఎప్పుడూ ఎరుపే. ఆవిడకో దురలవాటుంది. ఏదైనా చిక్కొస్తే అరగంట స్క్రీను వంక చూస్తూ ఆలోచిస్తుంది. ఆలోచించేటప్పుడు మౌసు కదలదు. మూడు నెలలు వరసగా ఎరుపొచ్చాక పీఐపీలో, అంటే గడువులోగా మెరుగుపడకపోతే ఇంటికే అనే జాబితాలో, పెడతామన్నారు. ఆవిడ రాజీనామా చేసి, తొంభై రోజుల నోటీసు పూర్తిగా పనిచేసి, తనకు తెలిసిందంతా అప్పగించడానికి నాలుగు మీటింగులు పెట్టింది. నాలుగింటికీ మనవాడు కెమెరా ఆపుకుని హాజరయ్యాడు. ఆఖర్న "కేటీ కంప్లీటెడ్", అంటే తెలిసిందంతా అప్పగించేశారు, అన్న గడిలో టిక్కు పెట్టింది అతనే.

ఇక్కడి నుంచి కథ తొందరగా నడుస్తుంది. వైస్ ప్రెసిడెంటు గారు "కుటుంబంతో సమయం గడపడానికి" వెళ్ళిపోయి, పదో రోజున ఇంకో కంపెనీలో ఇంకా పెద్ద కుర్చీలో తేలారు. ఆయన స్థానంలో వచ్చిన మనిషి బ్యాడ్మింటన్ ఆడడు. పైగా కాలం కూడా బాగాలేదు. 2025 జూలైలో టీసీఎస్ అంతటిదే తన ఉద్యోగుల్లో దాదాపు 2 శాతాన్ని, పన్నెండు వేల మందికి పైగా, ఎక్కువగా మధ్య, పై స్థాయిల్లోవాళ్ళను తగ్గించుకుంటానంది. అప్పటిదాకా కింది మెట్లవాళ్ళు వణికేవాళ్ళు. ఇప్పుడు నడి మెట్లు వణకడం మొదలైంది.

అక్క వెళ్ళిన మంగళవారానికే క్లయింటు కాల్. ఇటు అటు కలిపి ఇరవై రెండు మంది ఉన్నారు. మనవాడు పద్ధెనిమిది స్లైడ్లు చూపించాడు. ఆరో స్లైడు దగ్గర అవతల ఒక పెద్దాయన ఆపి, పాపం చాలా మర్యాదగా, "పోయిన నెల తిరస్కరించిన క్లెయిములు ఉన్నట్టుండి రెట్టింపయ్యాయి, ఎందుకు?" అని అడిగాడు.

"మంచి ప్రశ్న. దీన్ని ఆఫ్‌లైన్‌లో తీసుకుందాం."

"అందరం ఇక్కడే ఉన్నాం కదా, ఇప్పుడే చెప్పండి."

ఇన్నేళ్ళలో మనవాడికి ఈ జవాబు ఎవరూ చెప్పలేదు. ఏం చేయాలో తోచక అలవాటుకొద్దీ "జస్ట్ టు యాడ్" అన్నాడు. కలపడానికి ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫ్రెషర్లలో ఒకడు మ్యూటు తీసి, "అది అక్కకి తెలుసండి" అని మళ్ళీ మ్యూటు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం కొత్త వైస్ ప్రెసిడెంటు డ్యాష్‌బోర్డు తెరిచి, అంతవరకు ఎవరూ చేయని పని చేశాడు. మేనేజర్ల పేర్లు కనపడకుండా దాచిన బటన్‌ని నొక్కాడు. మనవాడి వరస బయటికొచ్చింది. కోడు సున్నా, పరిష్కరించిన ఫిర్యాదుల టికెట్లు సున్నా, మీటింగులు వారానికి నలభై ఏడు గంటలు. మీటింగుల వల్ల ఆ గడి ఒక్కటే పచ్చగా వెలుగుతోంది. మిగతా రంగు ఏమిటో చెప్పనక్కర్లేదు. డ్యాష్‌బోర్డు చెప్పిన మొట్టమొదటి నిజం అదే, దాన్నే పట్టుకుని మనిషిని తీసేస్తారా?

మర్నాడు హెచ్‌ఆర్ నుంచి "క్విక్ కనెక్ట్" అని పిలుపు. ఒకమ్మాయి చిరునవ్వుతో అతని ప్రయాణానికి కృతజ్ఞతలు చెప్పి లాపుటాపు అప్పగించమంది. తెచ్చిన ఛార్జరు మనవాడిది కాదు, ఏదో మీటింగులో ఎవరిదో పొరపాటున తెచ్చుకున్నది. ఫైనల్ సెటిల్మెంటులో దానికి రెండు వేల ఎనిమిది వందలు కోశారు. మిగతావన్నీ క్షమించగలను గానీ, ఇది మరీ దారుణం. ఆరేళ్ళుగా ఎవరి పనికో పేరు తెచ్చుకున్నవాణ్ణి ఏమీ అనకుండా, ఎవరి ఛార్జరో తెచ్చుకున్నందుకు శిక్షించడంలో ఏం నీతి ఉంది?

అసలు మనవాడు చేసిన తప్పేమిటి? కనిపించమన్నారు, కనిపించాడు. పచ్చ రంగు కావాలన్నారు, తెచ్చిపెట్టాడు. ఎరుపుల్ని ఏరేయమన్నారు, ఏరేశాడు. ట్రోఫీ ఇచ్చిన చేత్తోనే గేటు చూపించేముందు, ఆ ట్రోఫీ ఎందుకిచ్చారో ఒక్కసారి కంపెనీ తన పాత మెయిళ్ళు తిరగేసి చూసుకోవాల్సింది. ఆ మెయిళ్ళు దొరక్కపోతే నన్నడగమనండి, సీసీలో సగం ఊరు ఉంది.

ఉద్యోగం పోయిన సంగతి కొబ్బరితోట వాళ్ళకి ఎలా చెప్పాలా అని తణుకులో పెద్ద చర్చ జరిగింది. పెళ్ళిళ్ళ పేరయ్య గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "పోయిందని ఎందుకండీ? స్టార్టప్ పెట్టాడని చెప్పండి. ఎకరం పెరిగినా పెరుగుతుంది." ఫౌండర్ అండ్ సీఈఓ అని కార్డులు అచ్చయ్యాయి. కంపెనీ ఏం చేస్తుందన్నది ఇంకా తేలలేదు. లోగో మాత్రం పచ్చ రంగులో ఉంది.

మొదటి వారంలోనే మనవాడు టౌన్‌హాల్ పెట్టాడు, ఇంటి హాల్లో, టీవీకి లాపుటాపు తగిలించి. అమ్మా నాన్నా హాజరయ్యారు. విజన్ మీద పన్నెండు స్లైడ్లు నడిచాక, ఏమైనా ప్రశ్నలున్నాయా అన్నాడు.

"అదంతా బాగానే ఉందిరా, కలెక్షనెంత?" అన్నారు నాన్న. ముప్పై ఏళ్ళు రోజూ డిపోలో క్యాషు లెక్క అప్పజెప్పిన మనిషి.

"మంచి ప్రశ్న నాన్నా. ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం."

"ఇంతకన్నా ఆఫ్‌లైన్ ఎక్కడుందిరా? ఎదురుగానే కూర్చున్నానుగా!"