సబ్సిడీ పంచాంగం

ఉగాది నాడు గుళ్ళో మేషం నుంచి మీనం దాకా ఆదాయ వ్యయాలు చదువుతారు. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేవాడి రాశిఫలం మాత్రం ఇంతవరకూ ఏ సిద్ధాంతిగారూ చెప్పలేదు. ఇది పెద్ద లోటు. మిగతా బండ్లకి డబ్బుంటే చాలు, ఈ బండికి తిథి కూడా కుదరాలి. ఆ తిథి ఢిల్లీలో పెడతారు, గెజెట్‌లో అచ్చేస్తారు.

మూడు యూనిట్ల బ్యాటరీతో, ఫ్యాక్టరీ ధర 1,20,000 రూపాయలున్న బండి జాతకం చూద్దాం. 2021 జూన్‌లో కేంద్రం ఎలక్ట్రిక్ బండ్ల పథకం ఫేమ్-2ని సవరించాక, యూనిట్‌కి 15,000 చొప్పున దాని ఆదాయం, అంటే సబ్సిడీ, 45,000. 2023 జూన్ 1న రేటు 10,000కి దిగింది, పైగా ధరలో 15 శాతం మించకూడదన్నారు. ఆదాయం 18,000. 2024 ఏప్రిల్ నుంచి 10,000. తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం రెండో ఏడు, అంటే 2025 ఏప్రిల్ నుంచి, 5,000. బండి అదే, బ్యాటరీ అదే, పొగ రాకపోవడమూ అదే. గ్రహం వక్రించిందంతే.

జనం ఈ పంచాంగం చదవరనుకుంటే పొరపాటు. 2023 మే నెలలో దేశంలో లక్షకు పైగా ఎలక్ట్రిక్ టూవీలర్లు రిజిస్టరయ్యాయి. జూన్‌లో అందులో సగం కూడా లేవు. ముప్పై రోజుల్లో పర్యావరణం మీద ప్రేమ అంతలా ఆవిరైందంటే ఎండలే కారణమని సరిపెట్టుకోవాలి. 2024 మార్చి నెలాఖరున మళ్ళీ అదే తొక్కిసలాట. మా బెజవాడ బందరు రోడ్డు షోరూముల్లో సేల్స్ కుర్రాడు మోటారు గురించి, రేంజి గురించి చెప్పడం ఎప్పుడో మానేశాడు. "ముప్పై ఒకటి దాటితే రేటు మారుద్దండీ" అంటే చాలు, సంతకం పడిపోతుంది.

కంపెనీలదీ జ్యోతిషమే. ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటితే ఫేమ్-2 సబ్సిడీ లేదన్నారు. దాంతో బండికి ఒక బిల్లు, ఛార్జరుకి ఇంకో బిల్లు! ఛార్జరు లేకుండా ఎలక్ట్రిక్ బండి ఎలా నడుస్తుందని కేంద్రానికి అనుమానం వచ్చాక, 2023లో కొన్ని కంపెనీలు ఆ ఛార్జరు డబ్బు వెనక్కివ్వడానికి ఒప్పుకున్నాయి.

మన రాష్ట్రానికీ 2018లో ఒక విధానం, 2024 డిసెంబరులో 4.0 పేరుతో మరో విధానం వచ్చాయి. కానీ బెంజి సర్కిల్లో అందరూ చదివే విధానం పెట్రోలు బంకు బోర్డు మీద ఉంటుంది. 31 శాతం వ్యాట్, లీటరుకి నాలుగు రూపాయలు అదనం, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఎలక్ట్రిక్ బండ్లని ఇంతకంటే నిజాయితీగా ప్రోత్సహించిన పథకం ఇంకోటి లేదు. ఆ ఊపు చూసి భయపడ్డారేమో, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా పెట్రోలు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18కి దించారు. ఎలక్ట్రిక్ వాటికి 2019 నుంచీ 5 శాతమే. 23 శాతం తేడా కాస్తా 13 అయింది.

ఇక అసలు దోషం. జాతకంలో గృహానికీ వాహనానికీ ఒకటే స్థానం, నాలుగోది. ఢిల్లీవాళ్ళు వాహనానికి శాంతి చేయించి, గృహాన్ని వదిలేశారు. పటమటలో ఏ అపార్ట్‌మెంటు సెల్లారైనా చూడండి. మీటరు బోర్డు అక్కడే, బండి అక్కడే, మధ్య దూరం పది మీటర్లు. మీ మీటరు నుంచి విడిగా, లోడు మించితే కరెంటు ఆపే 16 ఆంప్స్ ఎంసీబీ, షాకు కొడితే వెంటనే కరెంటు ఆపే 30 మిల్లీఆంప్స్ ఆర్సీసీబీ, పైపులో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, చివర 16 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్తింగు. ఎలక్ట్రీషియన్‌కి పూట పని. కానీ ఆ పైపు ఎదుటి ఫ్లాటువాళ్ళ కారు మీదుగా వెళ్ళాలి! ఛార్జింగ్‌కి విడిగా కనెక్షన్ అడిగే హక్కు 2024 ఫిబ్రవరిలో కేంద్రం చేసిన కరెంటు నిబంధనల సవరణతో వచ్చింది గానీ, అసోసియేషన్ ప్రెసిడెంటుగారికి ఇంకా అందినట్టు లేదు. "సంపు మోటారు లైన్లోంచి లాగుతావేమిటయ్యా" దగ్గరే మీటింగు ఆగిపోతుంది.

అప్పుడు మనిషేం చేస్తాడు? బ్యాటరీ ఊడదీసి పైకి మోసుకెళ్ళి, పడకగదిలో టీవీ ప్లగ్గుకి తగిలిస్తాడు. 2022 ఏప్రిల్‌లో సూర్యారావుపేటలో ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీ పేలి ఒక ప్రాణం పోయింది. దాని మీద హాస్యం లేదు. ఆ ఏడాది ప్రమాదాల తర్వాత బ్యాటరీ పరీక్షలు కఠినం చేశారు, మంచిదే. ఇంటి సాకెట్‌కి మాత్రం ఈ కేంద్ర పథకాలు పైసా విదల్చలేదు.

వ్యయం కూడా చెప్పాలిగా. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగితే నెలకి సుమారు 34 యూనిట్లు. ఇంటి వాడకం ఇప్పటికే 225 కాస్త దాటి ఉంటే ఇవన్నీ 8.75 రూపాయల శ్లాబులోనే పడతాయి, అంటే మూడు వందలు. పెట్రోలుకి ఇరవై లీటర్లు, రెండు వేల పైమాటే.

ఇక పరిహారం. ఎండలో తిరిగొచ్చిన బండిని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకండి, సెల్స్ వేడి మీదుంటాయి. మే నెల రాత్రి పదింటికి ఏసీలన్నీ ఒక్కసారి మొదలై వోల్టేజీ పడిపోతే ఛార్జరు ఎర్రలైటు వేసి అలుగుతుంది. టైమరు పెట్టుకుని తెల్లవారుజామున మూడింటికి మొదలుపెడితే, 750 వాట్ల ఛార్జరుతో ఆ రోజు సరుకు గంటన్నరలో ఎక్కుతుంది. పూర్తయ్యేసరికి బ్రాహ్మీ ముహూర్తం. బ్యాటరీ చల్లబడి ఉంటుంది, వోల్టేజీ నిలబడి ఉంటుంది, ప్రెసిడెంటుగారు గాఢనిద్రలో ఉంటారు.