ఎనిమిది కోట్ల టన్నుల కాడ ఆగిన గీత

(హనుమకొండల కాకినాడ, విశాఖ చేపలమ్మే సదన్నకు, ఫిషరీస్ చెప్పే లెక్చరర్ రమేశ్‌కు నడిచిన వాదం.)

సదన్న: 1996ల ప్రపంచమంతా కలిసి సముద్రంల పట్టింది 8.6 కోట్ల టన్నులు. 2022ల 8 కోట్ల చుట్టు. ఇరవయ్యారేండ్లల్ల గింతే తేడా. సముద్రం ఖాళీ అయితున్నదని ఎట్లంటవ్ తమ్మీ?

రమేశ్: దేశందేశం విడదీసి చూడు అన్నా. జపాన్ 1980లల్ల ఏడాదికి కోటి టన్నులకు మించి పట్టింది, ఇప్పుడు ముప్పై లక్షల చుట్టే. కెనడాల న్యూఫౌండ్లాండ్ కాడ్ చేప 1968ల 8 లక్షల టన్నులు పడ్డది, 1992 జులైల వేటనే బంద్ పెట్టిన్రు. ఆ లోటు పూడ్చింది ఇండోనేషియా, వియత్నాం, మనం. పెద్ద ఇంజిన్లు పెట్టి, ఇంకా లోతుకు, ఇంకా దూరం పోయి.

సదన్న: పెరు ముచ్చట దాటేస్తున్నవ్. 1970ల అక్కడి ఆంకోవెటా అనే చిన్నచేప కోటీ ఇరవై లక్షల టన్నులు, 1973ల ఇరవై లక్షలు గూడ దాటలే. ఎల్ నినోకు నీళ్లు వేడెక్కితే అడుగు సల్లనీళ్లు పైకి రావు, మేత ఉండదు. మల్ల లేవలేదా? కేరళ మత్తి (సార్డీన్ చేప) చూడు. 2012ల నాలుగు లక్షల టన్నుల దాక, 2021ల మూడున్నర వేలు లేదు, 2024ల లక్షన్నర దగ్గర. వల ఒక్కటే కారణమైతే గిట్ల లేస్తదా?

రమేశ్: లేవదు. గీ చిన్నచేపల విషయంల నీ మాటే నిజం, అవి ఏడాదికే గుడ్లు పెడతయ్. కాడ్‌కు ఐదారేండ్లు కావాలె. ముప్పై ఏండ్లు ఆపినంక 2024ల తెరిస్తే ఇచ్చిన కోటా 18 వేల టన్నులే. మరి పిల్లచేపను కొనేది మీరు గాదా?

సదన్న: మేమా! అది ఫిష్‌మీల్‌కు, అంటే ఎండబెట్టి పొడి చేసే మేతకు, పోతది. ముందు మన చెరువుల సంగతి చెప్పు. 35-40 మిల్లీమీటర్ల పిల్లనేస్తే కొరమీనుకు మేతయితది. 80-100 ఉన్నదెయ్యమని అడిగితే వినేటోడు లేడు.

రమేశ్: పెద్దచెరువుకు 80-100 ఉండాలె, కాదనను. కానీ చెరువుల ఎన్ని వేసినమో లెక్కుంటది. సముద్రంల గా లెక్కుండది. అందుకే టన్నులు సరిపోవు, గంటకు ఎన్ని కిలోలు పడ్డయో చూడాలె. నిరుడు పది గంటలకు దొరికింది ఈసారి పదిహేను గంటలకు దొరికితే మొత్తం అంతే ఉంటది, గీత సాపుగనే కనిపిస్తది, సముద్రంల చేప మాత్రం మూడోవంతు తగ్గినట్టే. ట్రాల్ వల (పడవ ఎనక ఈడ్చుకపోయే వల) తోకసంచి, అంటే చేప చేరే కొసభాగం, గూడ చూడు. అండ్ల డైమండ్ ఆకారం కన్ను (వల రంధ్రం) బరువు పడంగనే గుంజుకొని మూసుకుంటది, పిల్ల తప్పించుకోదు. 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను తెరిచే ఉంటది. మన తూర్పుతీరంల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక 61 రోజులు వేట ఆపుతరు. జూన్ 15న అదే డైమండ్ సంచి దిగితే ఆ రెండునెలల్ల పెరిగిన పిల్ల మల్ల అదే వలల పడి ఒడ్డుకొస్తది.

సదన్న: గంటలెవరు రాస్తరు? రేవుల తూసేది చేపనే.

రమేశ్: కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థోళ్లు రేవులకు పోయి, పడవలెన్ని, ఏ వల, ఎన్ని గంటలు అన్నీ అడిగి రాసుకుంటరు. పేపర్ల అచ్చయ్యేది టన్నులే.