బాబ్లీని వదిలి బీజింగ్ దాకా ఎందుకు?

పీహెచ్‌డీ ప్రవేశానికి, అధ్యాపక అర్హతకు రాసే జాతీయ పరీక్ష నెట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ, తెలంగాణను ఆనుకుని మహారాష్ట్రలో ఉన్న ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు నాకు ఫోన్ చేస్తారు. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, ఎంఏ పుస్తకాలు ఇంగ్లిష్. అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ చేస్తామంటారు. ఏ అంశం మీద అంటే చాలామందిది ఒకటే జవాబు: చైనా విదేశాంగ విధానం. వద్దంటాను. చైనా మీద నికరంగా రాయాలంటే చైనీస్ రావాలి. మీకు పుట్టుకతో వచ్చిన భాషలను గడప దగ్గరే వదిలేసి పోవడం ఎందుకు?

మీ ఊళ్ల సరిహద్దే మంచి అంశం. 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన చట్టాన్ని ఒకసారి తెరిచి చూడండి. కిన్వట్, రాజురా తాలూకాలు ఆదిలాబాద్ నుంచి బొంబాయి రాష్ట్రానికి, అంటే నేటి మహారాష్ట్ర వైపు, పోయాయి. దెగ్లూరు తాలూకా బొంబాయికి దక్కినా, అందులోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అంటే సరిహద్దు గీత తాలూకా కడుపులోంచి పోయింది. పిల్ల మెట్టిన ఊరు ఒక రాష్ట్రం, పిల్ల పుట్టిన ఊరు ఇంకో రాష్ట్రం.

ఇక బాబ్లీ, ధర్మాబాద్ దగ్గర గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బ్యారేజీ. ఏటా జులై 1న మహారాష్ట్ర, తెలంగాణ ఇంజినీర్లు దాని మీద నిలబడి 14 గేట్లు ఎత్తిస్తారు. అక్టోబర్ 28 దాకా దించకూడదు. నిల్వ 2.74 టీఎంసీలు దాటకూడదు. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. ఇదంతా 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. గేట్లు లేచిన రోజు బాసర వైపు ‘నీళ్లొచ్చాయి’ అంటారు, ధర్మాబాద్ వైపు ‘నీళ్లు పోయాయి’ అంటారు. నీళ్లు అవే. ఆ రెండు మాటలనూ వాటి సొంత భాషల్లో వినగలిగిన పరిశోధకుడి కంటే అర్హుడు ఎవరు?

ఇది దేశం లోపలి గొడవ, అంతర్జాతీయం ఎలా అవుతుందని కొందరంటారు. స్థానిక అంశానికి ఉద్యోగం రాదని ఇంకొందరి భయం. నా రోజుల్లో మా గైడ్ కూడా ‘ఇది తాసిల్దారు పని’ అని నా ప్రతిపాదన తిప్పి పంపాడు. కానీ బాబ్లీ మీద అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోర్టుకెక్కింది రాజ్యాంగం 131వ అధికరణం కింద. ప్రభుత్వం మీద ప్రభుత్వం నేరుగా వేసే దావా అది. ఎగువ వాడి హక్కు, దిగువ వాడి వాటా అన్న వాదన దేశాల మధ్య నదులకు ఎలాగో ఇక్కడా అలాగే.

నన్ను అన్నిటికంటే కదిలించేది ఒక మాట: శివారు. మరాఠీలోనూ ఉంది, మన తెలుగులోనూ ఉంది. సరిహద్దు అంటే గీత. శివారు అంటే నేల. అక్కడ చేను ఉంటుంది, పశువులు మేస్తాయి, పొలిమేర దేవత ఉంటుంది. గీత మీద ఎవరూ బతకలేరు, శివారులో తరాలుగా బతుకుతున్నారు. సార్వభౌమత్వం గురించి మనం చదివిన పాఠాలన్నీ గీత చుట్టూ తిరుగుతాయి. శివారు నుంచి మొదలుపెట్టి ఆలోచిస్తే రాజ్యమే వేరుగా కనిపిస్తుంది.

ఆ ఆలోచన తెలుగులో సాగాలి. నెట్ రాజనీతి శాస్త్రం ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. నెట్‌లో పై ర్యాంకులకు దక్కే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ రాని వాళ్లకు పీహెచ్‌డీ ప్రవేశంలో 70 శాతం వెయిటేజీ ఆ పరీక్షదే. తెలుగులో ఆలోచించే పిల్లకు మొదటి మెట్టు దగ్గరే తలుపు వేసినట్టు. కవిత్వం మీద తెలుగులో సిద్ధాంతగ్రంథం రాయనిస్తున్నాం కదా, రాజ్యం మీద ఎందుకు రాయనివ్వం? తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ముందు ఇది తేల్చాలి.

ఈ ఏడు ఫోన్ చేసిన ధర్మాబాద్ అమ్మాయి చైనాను వదిలేసింది. మొదటి పేజీలో ‘శివారు’ అని రాసి, దీనికి ఇంగ్లిష్‌లో ఏం రాయాలి సార్ అని అడిగింది. ఏమీ రాయొద్దమ్మా, అలాగే ఉంచు అన్నాను.