అవార్డులు కొనుక్కునేవాళ్ళ మధ్యలో అసలు పని చేసినవాళ్ళు నలిగిపోతున్నారు

అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళకి అమెరికా ఇచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ ఈబీ-1ఏ పేరుతో మన తెలుగువాళ్ళ మధ్య నడుస్తున్న వ్యాపారం గురించి ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి. వాట్సాప్ గ్రూపు తెరిస్తే చాలు, అవార్డు ఇప్పిస్తాం, పేపర్ రాయించి పెడతాం, పోటీలకి జడ్జిగా కూర్చోబెడతాం, మీ గురించి ఏదో ఒక పత్రికలో వ్యాసం వేయిస్తాం, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అని మెసేజ్‌లు. దీనికి ప్రొఫైల్ బిల్డింగ్ అని పేరు. అమ్మేవాళ్ళూ మనవాళ్ళే, కొనేవాళ్ళూ మనవాళ్ళే. దీనివల్ల దెబ్బ తింటున్నది మాత్రం నిజంగా వ్యాపారంలో పెద్ద పెద్ద పనులు చేసి, చూపించుకోవడానికి చేతిలో కాగితం లేనివాళ్ళు.

జనం ఎందుకు ఎగబడుతున్నారో నాకు బాగా తెలుసు. అమెరికాలో ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో ఏ దేశానికైనా 7 శాతమే అని పరిమితి. అందుకే పై డిగ్రీలున్నవాళ్ళ కేటగిరీ అయిన ఈబీ-2లో ఇండియా కట్టాఫ్, అంటే ఎప్పుడు లైన్లో చేరినవాళ్ళ దాకా వంతు వచ్చిందో చెప్పే తేదీ, 2025లో కూడా 2012, 2013 దగ్గరే ఈడ్చుకుంటూ నడిచింది. ఈబీ-1ఏ చేరే ఈబీ-1 కట్టాఫ్ మాత్రం అదే ఏడాది చాలా నెలలు 2022 ఫిబ్రవరిలో ఉంది. పైగా ఒకసారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) అప్రూవ్ అయితే దాని ప్రయారిటీ డేట్, అంటే లైన్లో చేరిన తేదీ, మన వెంట వస్తుంది కాబట్టి, 2016 నుంచి ఈబీ-2 లైన్లో నిలబడ్డ మనిషికి ఈబీ-1ఏ అప్రూవ్ అయితే ఆ పాత తేదీతోనే వెంటనే కరెంట్ అయిపోతాడు, అంటే అతని వంతు వచ్చేస్తుంది. ఇంట్లో పిల్లకి పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు వచ్చి, ఇరవై ఒకటి దాటితే డిపెండెంట్ కాకుండా పోతుందన్న టెన్షన్‌తో ఉన్న తల్లిదండ్రులకి ఆ దారి ఎంత ఆశ పెడుతుందో చెప్పక్కర్లేదు. ఆ ఆశనే ఈ ప్యాకేజీలవాళ్ళు అమ్ముకుంటున్నారు.

అసలు ఈ కేటగిరీ ఎవరి కోసం? 1990 ఇమ్మిగ్రేషన్ చట్టంలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళకి ఇచ్చే తాత్కాలిక వీసా ఓ-1, గ్రీన్‌కార్డు కేటగిరీ ఈబీ-1 రెండూ వచ్చాయి. అసాధారణ ప్రతిభ ఏ రంగాల్లో ఉండొచ్చు అన్నచోట సైన్సు, చదువు, క్రీడలతో పాటు వ్యాపారం కూడా స్పష్టంగా రాసి ఉంది. కానీ నిరూపించుకోమని ఇచ్చిన లిస్టు చూడండి. అవార్డులు, గొప్పవాళ్ళకే ఇచ్చే సభ్యత్వాలు, మన గురించి పత్రికల్లో వార్తలు, ఇతరుల పనికి తీర్పరిగా ఉండటం, సొంతంగా చేసిన గొప్ప కృషి, పాండిత్య వ్యాసాలు, పేరున్న సంస్థలో కీలక పాత్ర, ఎక్కువ జీతం. ఓ-1లో సైన్సు, వ్యాపారం లాంటి రంగాలవాళ్ళకి ఉన్న ఓ-1ఏకి ఇలాంటివి ఎనిమిదిలో మూడు, ఈబీ-1ఏకి పదిలో మూడు చూపించాలి. సగానికి సగం ప్రొఫెసర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉంటాయి. మందుల సప్లై చైన్ నడిపే మనిషి పాండిత్య వ్యాసం ఎందుకు రాస్తుంది, ఎప్పుడు రాస్తుంది?

నాకు బాగా తెలిసిన ఒకావిడ ఉంది, గుంటూరు వైపు ఆవిడ. నష్టాల్లో ఉన్న ఒక డివిజన్‌ని చేతిలోకి తీసుకుని, సప్లయర్లతో కాంట్రాక్టులు మళ్ళీ మాట్లాడి, గోడౌన్లు తగ్గించి, జనాన్ని తీసేయకుండానే లాభాల్లోకి తెచ్చింది. కంపెనీలో అందరికీ తెలుసు అది ఎవరి పనో. పిటిషన్ కోసం తన పని గురించి లెటర్ అడిగితే లీగల్ డిపార్ట్‌మెంట్ ఏమంది? అంకెలు రాయకూడదు, కాంట్రాక్టుల పేర్లు రాయకూడదు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేసింది అని ఒక పేజీ ఇస్తాం, తీసుకోండి అంది. ఆవిడ చేసిందంతా రహస్య ఒప్పందాల వెనకాల ఉండిపోయింది. రంగానికి ఆ లిస్టు సరిపోకపోతే దానికి సమానమైన ఆధారం ఇవ్వొచ్చని నిబంధనలు అంటాయి, నిజమే, కానీ ఆ సమానమైన ఆధారాన్ని కూడా కాగితం మీద కంపెనీయే ఇవ్వాలి కదా! అదే సమయంలో, మేనేజర్‌గా రెండేళ్ళు కూడా నిండనివాడు డబ్బు కట్టి తెచ్చుకున్న గ్లోబల్ లీడర్ అవార్డు లింక్డ్ఇన్‌లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఇదంతా చూసి చూసి ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు అవార్డు అనగానే అనుమానించరా? 2010లో కజారియన్ అనే ఈబీ-1ఏ కేసులో అమెరికా కోర్టు తీర్పు వచ్చాక పరిశీలన రెండు మెట్లుగా సాగుతోంది. మొదట మూడు ప్రమాణాలు ఉన్నాయా లేదా లెక్క చూస్తారు, తర్వాత అన్నీ కలిపి ఈ మనిషి నిజంగా ఆ రంగంలో పైవరస వాళ్ళలో ఉన్నాడా అని తూకం వేస్తారు. ఆ రెండో మెట్టు దగ్గర ఆఫీసరు ఎవరినైనా నమ్మాలంటే నకిలీ సరుకు తక్కువగా ఉండాలి. మనం ఆ నమ్మకాన్నే తినేస్తున్నాం. అబద్ధం రుజువైతే కేసు ఒక్కటే పోదు, కావాలని తప్పు సమాచారం ఇచ్చారని తేలితే అమెరికాలోకి శాశ్వతంగా అనర్హులవుతారు. అప్రూవ్ అయిన ఐ-140ని కూడా తర్వాత వెనక్కి తీసుకోవచ్చు, దాంతో ఆ ఐ-140 ఇచ్చిన ప్రయారిటీ డేటూ పోతుంది. ఈ మాట ప్యాకేజీ అమ్మేవాళ్ళు ఫోన్లో చెప్పరు.

అలాగని అమెరికా ప్రభుత్వం నిజాయితీగా ఉందని నేను అనను. 2025 సెప్టెంబర్ 19న గోల్డ్ కార్డ్ ఉత్తర్వు వచ్చింది. మనిషి పది లక్షల డాలర్లు, లేదా అతని తరఫున కంపెనీ ఇరవై లక్షల డాలర్లు విరాళంగా ఇస్తే, ఆ విరాళాన్నే అసాధారణ వ్యాపార ప్రతిభకి ఆధారంగా తీసుకోవాలని దాని సారాంశం. అదే రోజు కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు కూడా పెట్టారు. డివిజన్‌ని నిలబెట్టిన మనిషి పనికి ఆధారం చాలదు, చెక్కు రాసిన మనిషి చెక్కే ఆధారం! ఇది ఎంత అన్యాయమో మాటల్లో చెప్పలేను. పైగా ఆ కార్డులు వేరే కోటా నుంచి రావు, ఈబీ-1, ఈబీ-2 నంబర్లలోంచే తీస్తారు, అంటే మన లైన్లోంచే.

దేశాలవారీ 7 శాతం మారాలంటే అక్కడి కాంగ్రెస్ కదలాలి, అది మన చేతిలో లేదు. లెటర్లు మాత్రం మన చేతిలో ఉన్నాయి. ఇవాళ అమెరికాలోనూ, హైదరాబాద్‌లోని అమెరికా కంపెనీల ఆఫీసుల్లోనూ డైరెక్టర్లుగా, వైస్ ప్రెసిడెంట్లుగా ఎంతమంది తెలుగువాళ్ళు లేరు? మీ కింద పనిచేసిన మనిషి వచ్చి లెటర్ అడిగితే, అటార్నీ పంపిన డ్రాఫ్టు మీద చదవకుండా సంతకం పెట్టేయకండి. మీ లీగల్ వాళ్ళతో కూర్చుని, అసలు అంకె చెప్పలేకపోతే కనీసం శాతం చెప్పనివ్వమని పోట్లాడండి, ఆ మనిషి ఏ నిర్ణయం తీసుకుంది, ఆ నిర్ణయం లేకపోతే ఏమయ్యేది, ఆ సంగతి మీకు ఎలా తెలుసు అన్నది మీ మాటల్లో రాయండి. పని జరిగిన ఏడాదిలోనే రాసి ఇవ్వండి, మీరు కంపెనీ మారాక కాదు.